పాత హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్ కొంటున్నారా? బండి వేడెక్కాకే బేరం మొదలుపెట్టండి

చంద్రగిరి, పాకాల, పుత్తూరు చుట్టుపక్కల రెండెకరాలో ఐదెకరాలో తోట కొనుక్కుని, శని ఆదివారాలు వెళ్లి సొంతంగా పని చేసుకునేవాళ్లు బాగా పెరిగారు. వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. క్లచ్, గేర్లతో కుస్తీ పట్టే పని లేకుండా, నూనె ఒత్తిడితో చక్రాలు తిరిగే హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది, తీసుకోవచ్చా?

బండి చల్లగా ఉండగా చూసి దీనికి ఎవరూ జవాబు చెప్పలేరు. హైడ్రో బండికి వచ్చే అసలు రోగం నూనె వేడెక్కాకే బయటపడుతుంది. అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలుసు, కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే కింద చెప్పిన వరస మార్చకండి. ముందు చల్ల బండిని చూడాలి, తర్వాత వేడి చేసి చూడాలి, డబ్బు మాట ఆ తర్వాతే.

1. ముందు మీ పని ఏమిటో రాసుకోండి

మామిడి చెట్ల మధ్య గడ్డి కొట్టడం, పైపైన రోటవేటర్ వేయడం, మందు కొట్టడం, ఎరువు మోయడం. ముందుకు వెనక్కు మాటిమాటికీ కదలాల్సిన ఇలాంటి పనులకు హైడ్రోను మించింది లేదు. పెడల్ కొంచెం తొక్కితే మెల్లగా, ఎక్కువ తొక్కితే జోరుగా పోతుంది. చెట్టు మొదలు దగ్గర ఆగి వెనక్కు రావాలంటే కాలు తీసి రివర్స్ పెడల్ తొక్కితే సరిపోతుంది. ట్రాక్టర్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు క్లచ్ బాధ తప్పుతుంది.

లోతు దుక్కి, చెరకు లోడు, నీళ్ల ట్యాంకర్ మీ ప్రధానమైన పని అయితే గేరు బండే కొనండి. 3,000 లీటర్ల ట్యాంకర్ అంటే నీళ్ల బరువే 3 టన్నులు. రోజూ అంత లాగితే హైడ్రో పంపు వేడికే సగం చస్తుంది. ఇంజన్ పవర్‌లో కొంత నూనెను తోయడానికే పోతుంది కాబట్టి, అదే హార్స్ పవర్ ఉన్న గేరు బండి కంటే హైడ్రో లాగుడు కాస్త తక్కువే.

నా సలహా ఇది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే లోతు దుక్కికి బాడుగ ట్రాక్టర్ పిలవండి, మిగతా ఏడాది పని మీ చిన్న బండితో చేసుకోండి. అలా అయితే 20 నుంచి 28 హార్స్ పవర్ బండి చాలు.

ఒక టేపు తీసుకుని తోటలోకి కూడా వెళ్లండి. కొలవాల్సినవి మూడే:

- చెట్ల వరసల మధ్య, కొమ్మల కొస నుంచి కొసకు ఉన్న ఖాళీ
- అన్నిటికన్నా కిందికి వాలిన కొమ్మ ఎత్తు (నిలువు సైలెన్సర్, సీటు వెనక ఇనుప కమాను దాని కింద పట్టాలి)
- గేటు వెడల్పు

2. అది నిజంగా హైడ్రో బండేనా?

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. మామూలు గేరు ట్రాక్టర్లకు కూడా 'హైడ్రోస్టాటిక్ స్టీరింగ్' అని కాగితాల్లో ఉంటుంది. అది స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి పెట్టింది, చక్రాలకు దానితో సంబంధం లేదు. ప్రకటనలో 'హైడ్రోస్టాటిక్' అనే మాట కనిపించగానే అడ్వాన్స్ పంపకండి. 'ఆటోమేటిక్', 'హైడ్రాలిక్ బండి' అనే మాటలను కూడా నమ్మొద్దు. లివర్ తోసి ముందుకు వెనక్కు మార్చే షటిల్ బండి వేరు, ఇది వేరు.

ఫోన్‌లోనే తేల్చుకోవచ్చు. కాళ్లు పెట్టే చోటు ఫొటో అడగండి. కుడికాలి వైపు ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి రెండు పెడళ్లు గానీ, అటూ ఇటూ ఊగే ఒకే పొడవాటి పెడల్ గానీ ఉండాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గేర్లు మార్చే కడ్డీ ఉండదు. లో, హై లేదా లో, మీడియం, హై అనే రేంజ్ లివర్ మాత్రం ఉంటుంది. కొన్నిటికి క్లచ్ పెడల్ కూడా ఉంటుంది, దాన్ని చూసి కాదనుకోకండి.

మన వైపు కొత్త బళ్లలోనే హైడ్రో అరుదు కాబట్టి పాతవి ఇంకా తక్కువగా దొరుకుతాయి. చెన్నై, బెంగళూరు వైపు ఫామ్‌హౌస్‌లు, రిసార్టుల పచ్చిక మైదానాల్లో వాడినవి కనిపిస్తుంటాయి. గడ్డి కోసిన బండి అయితే అదృష్టమే. స్వర్ణముఖిలో ఇసుక ట్రాలీ లాగిన బండి అని తెలిస్తే చూడటానికి కూడా పోవద్దు.

3. బయల్దేరే ముందు

అమ్మేవారికి ముందురోజే ఒక మాట చెప్పండి: "అన్నా, నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు. డీజిల్ నాది, అరగంట పని చేయించి చూస్తా." ఈ మాటకు వెంటనే సరే అన్నవాళ్లతో సగం పని అయిపోయినట్టే. నసిగితే దానికో కారణం ఉంటుంది.

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఆర్‌సీ ఫొటోలు ముందే తెప్పించుకోండి. మోడల్ పేరు తెలిశాక దగ్గర్లోని డీలర్‌కు ఫోన్ చేసి హైడ్రో ఫిల్టర్ స్టాకులో ఉందా, ఎన్ని రోజుల్లో వస్తుంది, ధరెంత అని అడగండి. ఫిల్టరే దొరకని బండికి పంపు ఎక్కడ దొరుకుతుంది?

వెంట తీసుకెళ్లాల్సినవి:

- టార్చి, పాత గుడ్డలు, నాలుగైదు తెల్ల కాగితాలు
- టైరు గాలి కొలిచే గేజు, కొలత టేపు
- చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు
- డీజిల్ క్యాను
- వీలైతే ఒక రోటవేటర్ (అమ్మేవారి దగ్గర ఉంటే సరే)
- నడపడం వచ్చిన మనిషి ఒకరు, కింద నిలబడి వినడానికి మీరు

4. చల్ల బండి దగ్గర

వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ముందే వేడి చేసి పెట్టారన్నమాట. టీ తాగొచ్చి, చల్లారాక మొదలుపెట్టండి.

రేడియేటర్ మూత ఇప్పుడే తీసి చూడాలి, వేడి మీద ఎప్పుడూ తీయకూడదు. నీళ్ల మీద నూనె తెట్టు ఉండకూడదు. ఇంజన్ ఆయిల్ కడ్డీ మీద పాల రంగు కనిపించకూడదు.

స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. మొదట కొంచెం తెల్ల పొగ వచ్చి ఆగిపోతే పరవాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. బండి నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. అక్కడి నుంచి గాలి, పొగ దమ్ము దమ్ముగా తంతుంటే ఇంజన్ పిస్టన్ రింగులు అరిగిపోయాయి.

గంటల మీటరును మరీ నమ్మొద్దు. దాన్ని మార్చడం పెద్ద కష్టం కాదు. పెడల్ రబ్బరు అంచులు, స్టీరింగ్ మీద చేతులు పడే చోటు, టాప్ లింకు (పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ) పిన్ను దూరే రంధ్రం చూడండి. మీటరు 600 గంటలు చూపిస్తూ, ఆ రంధ్రం గుడ్డు ఆకారంలో సాగి ఉంటే మీటరు అబద్ధం చెబుతున్నట్టే.

కొత్త రంగు వేసిన బండి అయితే ఇంకా జాగ్రత్త. రంగు కింద నూనె కారిన మరక దాగుతుంది. వెనక ఇరుసు చివర్లు, ముందు ఇరుసు సీళ్లు, బండి పొట్ట కింద టార్చి వేసి చూడండి. బండి ఎండలో ఎక్కడ నిలబెట్టి ఉందో ఆ నేల మీద మరకలను ఎవరూ తుడవరు. అక్కడా ఓసారి చూడండి.

5. వెనక నూనె చూడటం

హైడ్రో బండికి ప్రాణం వెనక డబ్బాలోని (ట్రాన్స్‌మిషన్ కేసింగ్) నూనె. చాలా చిన్న బళ్లలో పనిముట్లను పైకెత్తే లిఫ్టుకూ అదే నూనె వాడతారు.

కడ్డీ తీసి ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. పది నిమిషాలు వదిలేయండి. తేనె రంగులో, తేటగా పాకితే మంచిది. మజ్జిగలా తెల్లబారి ఉంటే నీళ్లు కలిశాయి. నల్లబారి మాడు వాసన వస్తే బండిని వేడిలో చాలాకాలం బాదారు. కడ్డీ మీద నురగ ఉంటే నూనె తక్కువైనా ఉండాలి, పంపు నూనె పీల్చుకునే దారిలో ఎక్కడో గాలైనా చొరబడుతుండాలి. కాగితాన్ని ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. మిలమిలమనే రజను కనిపిస్తే ఆ బండి విషయంలో అక్కడితో ఆగి ఆలోచించుకోవాలి.

ఏ నూనె పోశారో అడగండి. "మామూలు 90 ఆయిలే" అని గర్వంగా చెప్పేవాళ్లు ఉంటారు. గేరు బాక్సు 90 ఆయిల్ హైడ్రోకు మరీ చిక్కన, పంపు పీల్చుకోలేక లోపల అరుగుతుంది. ఏ బండికి ఏ హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వాడాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, అదే పోసి ఉండాలి.

అమ్మేవారు ఒప్పుకుంటే, కొత్త ఫిల్టర్ మీరే కొనిచ్చి పాతది విప్పించండి. పాత ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూడండి. బూడిద రంగు మెత్తటి బురద కొంచెం ఉండటం సహజం. పసుపు రంగు ఇత్తడి పొరలు, గోటికి తగిలే ఇనుప ముక్కలు ఉంటే పంపు లోపలి భాగాలు రాలుతున్నాయి. ఫిల్టర్ ఖర్చు మీదే అయినా సరే, ఇంతకు మించిన చవకైన పరీక్ష లేదు.

6. వేడి పరీక్ష: అసలు సంగతి ఇక్కడే

హైడ్రో పని చేసే తీరు సులువుగానే ఉంటుంది. ఇంజన్ పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో మోటారుకు పంపుతుంది. మోటారు చక్రాలను తిప్పుతుంది. పంపులో పిస్టన్లు అరిగితే ఆ సందుల్లోంచి నూనె వెనక్కి జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కన కాబట్టి జారేది తక్కువ. వేడెక్కి పలచబడితే జారుడు పెరిగి లాగుడు తగ్గిపోతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ప్రతి హైడ్రో బండీ మంచి బండే.

ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. ఒకసారి చల్లగా ఉన్నప్పుడు, మళ్లీ అరగంట నలభై నిమిషాలు పని చేయించాక. రెంటికీ మధ్య తేడాయే మీకు కావాల్సిన జవాబు.

(అ) న్యూట్రల్ పరీక్ష. చదునైన నేల మీద, లో రేంజ్‌లో, ఇంజన్ నడుస్తుండగా పెడళ్ల మీంచి కాలు తీసేయండి. బండి కదలకూడదు. మెల్లగా పాకుతుంటే సాధారణంగా అది పెడల్‌ను పంపుతో కలిపే లింకు రాడ్ అడ్జస్ట్‌మెంట్ తప్పు. మెకానిక్ సరిచేయగలడు, భయపడక్కర్లేదు. కానీ బేరంలో తప్పక వాడుకోవాలి.

(ఆ) బ్రేకు మీద తొక్కుడు. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేసి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టండి. బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. హై రేంజ్‌లో, ఇంజన్ సగం వేగంలో ఉంచి, ఫార్వర్డ్ పెడల్‌ను మెల్లగా తొక్కండి. ఇంజన్ గొంతు బరువెక్కాలి, బండి ముందుకు ఒరగడానికి చూడాలి. నాలుగైదు సెకన్లకు మించి పట్టొద్దు, నూనె ఉడికిపోతుంది. రివర్స్‌లోనూ అలాగే చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ గట్టిగా మూలిగి, వేడి మీద అసలు బరువే పడనట్టు హాయిగా తిరుగుతుంటే నూనె లోలోపలే జారిపోతోంది.

(ఇ) పని చేయించడం. రోటవేటర్ తగిలించి, పీటీవోకు (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) చెప్పిన ఇంజన్ వేగంలో పెట్టి, లో లేదా మీడియం రేంజ్‌లో ఎర్రనేలలో నడపండి. ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ తిప్పితే నూనె సరిగ్గా వేడెక్కదు. మన ఎండల్లో మధ్యాహ్నం పూట చేస్తే ఇంకా మంచిది. మీ తోటలో బండి పని చేయాల్సింది ఆ వేడిలోనే కదా.

(ఈ) మిట్ట ఎక్కించడం. వేడి మీద ఉన్నప్పుడే ఏదైనా మిట్టకు తీసుకెళ్లండి. మధ్యలో ఆపి, మళ్లీ బయల్దేరదీయండి. లో రేంజ్‌లో తొట్రుపాటు లేకుండా ఎక్కాలి. ముందుకు బాగా పోయి, వెనక్కు మాత్రం నీరసంగా వస్తే దాన్నీ రాసుకోండి.

శబ్దం విషయం. లోడు మీద సన్నగా కూత పెట్టడం హైడ్రో సహజగుణం, కొత్తవాళ్లు అనవసరంగా టెన్షన్ పడతారు. లోపల గులకరాళ్లు దొర్లినట్టు గరగరమంటే మాత్రం పంపుకు నూనె అందడం లేదు.

వేడి మీద నీరసపడిన ప్రతి బండికీ పంపు పోయినట్టు కాదు. నూనె తక్కువ కావడం, తప్పు నూనె, మూసుకుపోయిన ఫిల్టర్, గడ్డి పట్టిన ఆయిల్ కూలర్, విరిగిన కూలింగ్ ఫ్యాను రెక్క, పెడల్ పూర్తిగా కదలనివ్వని లింకు, వీటిలో ఏదైనా కావచ్చు. "ఫిల్టర్ మారిస్తే సరిపోతుందన్నా" అని అమ్మేవారు అంటే, నిజంగానే సరిపోవచ్చు. అయితే మార్చి చూపించమనండి, మళ్లీ అరగంట నడుపుదాం అనండి. మార్చి చూపించకపోతే పంపు పోయిన బండిగానే లెక్కేసుకోండి.

7. లిఫ్టు, పీటీవో, ముందు ఇరుసు

లిఫ్టుకు రోటవేటర్ తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపండి. కొద్ది నిమిషాల్లోనే నేలకు దిగిపోతే సీళ్లో వాల్వో అరిగాయి. ఎత్తినప్పుడు దాని కింద కాళ్లు పెట్టొద్దు.

పనిముట్లు సరిపోతాయో కొలవండి. సాధారణంగా కింది పిన్నులు 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. ఉండాలి. పీటీవో 540 ఆర్‌పీఎం, ఆరు గాడుల షాఫ్టు అయితే మన దగ్గర దొరికే రోటవేటర్లు, స్ప్రేయర్లు నేరుగా తగులుతాయి. వేరే కొలతలుంటే ప్రతి పనిముట్టుకూ వెల్డింగ్ షాపు చుట్టూ తిరగాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలూ లాగే) బండి అయితే నాలుగు టైర్ల సైజూ పుస్తకంలో చెప్పినట్టే ఉందా చూడండి. దొరికింది కదా అని వేరే సైజు ముందు టైర్లు వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి గుంజుకుని లోపలి గేర్లు అరుగుతాయి. మెత్తటి నేలలో ఫోర్ వీల్ వేసి మలిపి చూడండి, టకటకమని చప్పుడు రాకూడదు.

సీటు కింద సేఫ్టీ స్విచ్ వైర్లు కత్తిరించి కలిపేసి ఉంటే బాగు చేయించుకోండి. ఒక్కరే పని చేసుకునే తోటల్లో అది చాలా ముఖ్యం.

8. బాగు చేసేదెవరు?

ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్‌లు ఇంజన్, క్లచ్ పనిలో దిట్టలు. హైడ్రో పంపు మాత్రం చాలామంది విప్పి ఉండరు. అది పొక్లెయిన్, జేసీబీ పంపులు చేసేవాళ్ల చేతి పని. అలాంటి షాపు ఒకటి ముందే వెతికి, మోడల్ పేరు చెప్పి సీల్ కిట్ దొరుకుతుందా అడగండి. తిరుపతి, చిత్తూరుల్లో దొరక్కపోతే చెన్నైకి పంపాల్సి వస్తుంది. ఆ రానుపోను ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

9. కాగితాలు

పాత చిత్తూరు జిల్లా బళ్లకు ఏపీ 03 నంబర్లు ఉంటాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ కాబట్టి ఏపీ 39 చూసి మన జిల్లాదే అనుకోకండి. వేలూరు, కోలారు వైపు నుంచి తెచ్చే బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌వోసీ (ఫారం 28) లేకుండా పైసా ఇవ్వొద్దు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మన రాష్ట్రం నంబరు తీసుకోవాల్సిందే.

- ఆర్‌సీలో ఛాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీద మీ కళ్లతో సరిపోల్చాలి
- ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ
- పేరు మార్పుకు ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు
- ఇన్సూరెన్స్ గడువు
- ట్రైలర్ కూడా కొంటుంటే దాని ఆర్‌సీ వేరే

కొన్నాక 30 రోజుల్లోగా మీ పేరు మీదకు మార్పించుకోవాలి. "తర్వాత చూద్దాం సామీ" అన్న బళ్లే ప్రమాదం జరిగినప్పుడు పాత ఓనరు మెడకు, కొత్త ఓనరు మెడకు కలిపి చుట్టుకుంటాయి.

10. బేరం

మీరు రాసుకున్న లోపాలను రెండుగా విడదీయండి. పాకే న్యూట్రల్, బ్యాటరీ, పగిలిన టైరు, లిఫ్టు సీళ్లు, కారే గొట్టాలు డబ్బుతో తీరే పనులు. వాటి ఖర్చు ధరలోంచి కోసుకోండి.

వేడి మీద లాగుడు పోవడం, ఫిల్టర్‌లో ఇత్తడి పొరలు, డబ్బాలో పాత వెల్డింగ్ అతుకు కనిపించాయా, ఇంటికి వచ్చేయండి. ఎంత తగ్గించినా అది చవక కాదు.

11. తెచ్చాక, మొదటి వారంలో

పాత ఓనరు నిన్ననే మార్చానన్నా సరే, వెనక నూనె, ఫిల్టర్లు అన్నీ మార్చండి. చిన్న బండికి కూడా 10 లీటర్ల పైనే పడుతుంది. డబ్బా మూత తీసే ముందు చుట్టూ దుమ్ము తుడవండి, ఇసుక రేణువు కూడా పంపుకు శత్రువే. ఆ రోజు మీటరు రీడింగ్, తేదీ పెయింటుతో ఫిల్టర్ మీదే రాసుకోండి.

రేడియేటర్, ఆయిల్ కూలర్ జాలీలో ఎండుగడ్డి ప్రతిరోజూ ఊదాలి. ఎండాకాలం మామిడి ఆకులు ఎండి పరుచుకున్న చోట, సైలెన్సర్ దగ్గర చేరిన చెత్త తీయకుండా పని మొదలుపెట్టొద్దు.

నడపడంలో గేరు బండి అలవాటు ఉన్నవాళ్లు చేసే తప్పులు ఇవి:

- బండి ఎక్కలేకపోతుంటే పెడల్ ఇంకా గట్టిగా తొక్కడం. హైడ్రోలో ఇది తిరకాసు, ఎక్కువ తొక్కితే వేగం కోసం బలం తగ్గుతుంది. పెడల్ కొంచెం వదలండి, బలం వస్తుంది. అయినా ఎక్కకపోతే ఆపి రేంజ్ తగ్గించండి.
- హై రేంజ్‌లో రోటవేటర్ వేయడం. హై రేంజ్ రోడ్డుకు మాత్రమే.
- బండి పూర్తిగా ఆగకముందే రేంజ్ లివర్ లాగడం.
- ఇంజన్ తక్కువ వేగంలో పెట్టి పెడల్‌తో లాగించడం. ఇంజన్ వేగం నిలకడగా ఉంచి, నడక మాత్రం పెడల్‌తో చూసుకోవాలి.
- వాలులో ఇంజన్ ఆపి దిగిపోవడం. గేరులో పెట్టిన బండిలా హైడ్రో ఆగి ఉండదు, నూనె జారేకొద్దీ మెల్లగా కిందికి పాకుతుంది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి పెట్టాలి.
- చెడిపోయిన బండిని అలాగే కట్టి ఈడ్చడం. రేంజ్ లివర్ న్యూట్రల్‌లో లేకుండా ఈడిస్తే మోటారు ఎదురు తిరిగి పంపును కూడా పాడుచేస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి, మెల్లగా, కొద్ది దూరమే లాగాలి. ఊరు దాటించాలంటే లారీకి ఎక్కించండి.